సాంచల మీద పేర్లు

కాశిబుగ్గ, వరంగల్
2024 జూన్ 10

బిడ్డా మహితా,

మామ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అమ్మ మోకాళ్లు తప్ప. నిన్న ఫోన్లో నువ్వు మాట్లాడింది నాకు ఒక్క ముక్క వినపడలేదు. నలభై ఏళ్లు సాంచల చప్పుడులో బతికిన చెవులు ఇవి. నువ్వు అటు అరవడం, నేను ఇటు అరవడం, మీ అత్త వంటింట్లోంచి "కొట్లాడుకుంటాన్నరా ఏంది?" అని ఉరికి రావడం. అందుకే ఈ ఉత్తరం. పైసల ముచ్చట కాగితం మీద ఉంటేనే మంచిది కూడా. రేపు నువ్వూ మాట మార్చలేవు, నేనూ మార్చలేను.

సంగతేమిటంటే వెంకట్రాజం సేటు కార్ఖానా అమ్మేస్తున్నాడు. ఇరవై సాంచలు, కండెలు చుట్టే మిషన్లు, కరెంటు కనెక్షన్, షెడ్డు లీజు, హాస్టళ్లకు తువ్వాళ్లూ దుప్పట్లూ ఇచ్చే ఆర్డర్లు, అన్నీ కలిపి ముప్పై లక్షలంటున్నాడు. సాంచ అంటే పవర్‌లూమ్ అని మీ ముంబై ఆఫీసులో చెప్పు, వాళ్లు ఇంకేదో అనుకుంటారు. ఎవరూ రాకపోతే దసరా దాకా చూసి పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేసేస్తాడట. మొన్న ఆ ఇనుము మనిషి వచ్చాడు కూడా. నడుస్తున్న సాంచను చేత్తో తట్టి ఎన్ని కిలోలుంటుందో అంచనా వేశాడు. నాకు కడుపు మండిపోయింది. పద్నాలుగు మంది బతికే కార్ఖానా అది. కండెల దగ్గర మీ అమ్మ ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. నీ ఫీజులు అక్కడి నుంచే వచ్చాయని గుర్తు చేయాల్సిన పని లేదనుకుంటాను.

నేను కొందామనుకుంటున్నాను. నవ్వకు. చేతిలో నాలుగు లక్షలున్నాయి. నువ్వు ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనడానికి డబ్బు ఎట్లా సర్దాలో చెప్పే కొలువు చేస్తున్నావు కదా. పెద్దవాళ్లు చేతిలో పైసా లేకుండానే కొంటారని పేపర్లో చదివాను. అదెట్లాగో నాకు అర్థమయ్యేటట్లు రాయి. ఇంగ్లీషు ముక్కలు తక్కువ వాడు.

మీ మామ
సదానందం


ముంబై
2024 జూన్ 19

మామా,

నమస్తే. ముందు నీ వయసు అరవై రెండు అని నీకు గుర్తు చేయాలి. ఆ తర్వాత మిగతాది.

పెద్ద కంపెనీలు పైసా లేకుండా కొంటాయని ఎవరు చెప్పారు? పైసా ఉంటుంది, కాకపోతే ఎక్కువ భాగం వాళ్లది కాదు. ఆ పైసా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి అప్పు. బ్యాంకు ఇస్తుంది. నీకు లాభం వచ్చినా రాకపోయినా నెల తిరగ్గానే కిస్తు కట్టాలి. కట్టకపోతే సరుకు పట్టుకుపోతుంది. కానీ నీకు ఎంత లాభం వచ్చినా వడ్డీకి మించి ఒక్క రూపాయి అడగదు. రెండోది వాటా. వాటా పెట్టినవాళ్లకు కిస్తు లేదు, గడువు లేదు. లాభం వస్తే పంచుకుంటారు. రాకపోతే ఊరుకుంటారు. మునిగిపోతే అప్పులవాళ్లందరికీ ఇచ్చాక మిగిలింది వాళ్లది. నేను చూసినంతలో అప్పటికి ఏమీ మిగలదు.

చిత్రమేమిటంటే, కొనబోయే దాన్నే తాకట్టు పెట్టి, దాన్ని కొనడానికే అప్పు తెస్తారు. నువ్వు కూడా అదే చేయి. ఒక చిన్న కంపెనీ రిజిస్టరు చేయించు. ఇరవై సాంచలూ తాకట్టు పెడితే బ్యాంకు పద్దెనిమిది లక్షలు ఇవ్వొచ్చు. సేటును మూడు లక్షలు ఏడాది ఆగి తీసుకోమను. కొనేవాడు ఇంకెవరూ లేనప్పుడు ఒప్పుకుంటాడు. మిగిలిన తొమ్మిది లక్షలు వాటాగా రావాలి. నీవి నాలుగు. ఇంకో అయిదు ఎవరైనా పెట్టాలి. నష్టం తట్టుకోగలిగినవాళ్లనే అడుగు, మొహమాటపెట్టకు.

మొదట్లో నూలుకూ కూలీలకూ పనికొస్తుందని నా వంతు రెండు లక్షలకు చెక్కు పెడుతున్నాను. దీన్ని వాటాగా కాదు, అప్పుగా రాసుకో. తొమ్మిది శాతం వడ్డీ, మూడేళ్ల గడువు, కాగితం కూడా తయారు చేసి పంపుతున్నాను. సంతకం పెట్టి ఒక కాపీ నాకు పంపు. బంధువుల మధ్య ఇలా స్పష్టంగా ఉంటే రేపు గొడవ ఉండదు.

అమ్మను ఆ నూనె రాసుకోమను. సీసా మూత కూడా తీయలేదని నాకు తెలుసు.

నీ మేనకోడలు
మహిత


కాశిబుగ్గ
2024 జూలై 7

బిడ్డా మహితా,

పని అయినట్టే! బ్యాంకు మేనేజరు సారు కాగితాలు తీసుకున్నాడు. సేటు మూడు లక్షలకు ఏడాది ఆగుతానన్నాడు, మొహం మాడ్చుకునే అన్నాడనుకో. మిగిలిన అయిదు లక్షలు పది రోజుల్లో వచ్చాయి. నేను ఎవరినీ మొహమాటపెట్టలేదు. ఆదివారం సాంచలు ఆపి అందరినీ షెడ్డులోకి పిలిచాను. "లక్ష పెట్టినోళ్లకు ఒక సాంచ. ఏది కావాల్నో చూస్కోండ్రి" అన్నాను. అంతే. మీ ఆఫీసులో ఇంత తొందరగా అవుతుందా?

బక్కమ్మ నాలుగో నంబరు పట్టుకుంది. మీ అమ్మకు దూరపు అక్క, తొర్రూరులో ఉన్న ఎకరం పత్తి చేను కౌలుకిచ్చి ఇక్కడ తువ్వాళ్లు మడతపెట్టే పనిలో ఉంది, నీకు తెలిసిన మనిషే. నాలుగోది కిటికీ పక్కన ఉంటుంది, దారం తక్కువ తెగుతుంది. గడుసు మనిషి. రాజమల్లు ఏడో నంబరు తీసుకున్నాడు. జాబరు కాబట్టి, అంటే సాంచలు రిపేరు చేసేవాడు కాబట్టి, ఏది మంచిదో వాడికి తెలుసనుకున్నాం. ఇంకో ఇద్దరు నేతగాళ్లు రెండు, పన్నెండు తీసుకున్నారు. మీ అమ్మ లక్ష తెచ్చి పదకొండు దగ్గర నిలబడింది. మీ నాయన నడిపిన సాంచ అది. "నాకు ఇదే ఉంచు అన్నా" అంది. పెయింటరును పిలిపించి ప్రతి సాంచ పక్క పలక మీద ఎర్ర రంగుతో పేర్లు రాయించాను. మొగిలమ్మ అని రాస్తుంటే మీ అమ్మ దగ్గరుండి చూసుకుంది. మిగిలిన సాంచలు బ్యాంకువీ, సేటువీ, నావీ.

నీ చెక్కు తిరిగి పంపుతున్నాను. కాగితం కూడా. అవసరం పడలేదు.

మామ
సదానందం


ముంబై
2024 జూలై 16

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి లేచి మంచినీళ్లు తాగాను.

వాటా అంటే సాంచ కాదు! ఎవరు చెప్పారు నీకు అలా పంచమని? నేను రాసిన దాంట్లో సాంచ పంచమని ఎక్కడుంది? ఇరవై సాంచలూ బ్యాంకుకు తాకట్టు పెట్టి, వాటిలోనే అయిదింటి మీద వేరేవాళ్ల పేర్లు రాయించావు. బ్యాంకువి కొన్ని, సేటువి కొన్ని అనుకుంటున్నావు. బ్యాంకుకు కొన్ని ఉండవు మామా, మొత్తం ఉంటాయి. లక్ష పెట్టినవాళ్లకు దక్కేది ఒక సాంచ కాదు. అప్పులు కట్టాక మొత్తం కంపెనీలో మిగిలిన దాంట్లో తొమ్మిదో వంతు. అది ఒక సాంచకంటే ఎక్కువ కావచ్చు, అసలు ఏమీ కాకపోవచ్చు. రేపు ఒక సాంచ చెడిపోతే ఎవరిది నష్టం? పన్నెండుకు దారం సరిపోక ఆగిపోతే వాళ్ల పిల్లలు పస్తులుండాలా? ఇవేవీ ఆలోచించకుండా పది రోజుల్లో అయిపోయిందని గొప్పగా రాస్తావా?

చదువురానివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, వాళ్లది కాని వస్తువు వాళ్లదని చూపించడాన్ని మా దగ్గర ఏమంటారో తెలుసా? ఆ మాట రాయడం నాకే ఇష్టం లేదు. అమ్మకు ఫోన్ చేసి తన లక్ష వెనక్కి తీసుకోమని చెప్పాను. అది ఆమె ఇరవై రెండేళ్ల పొదుపు.

చెక్కు తిప్పి పంపడం గురించి ఏమీ రాయను. ఊళ్లో అందరి డబ్బూ పనికొచ్చింది, నాదొక్కటే అక్కర్లేకపోయింది. సంతోషం.

మహిత


కాశిబుగ్గ
2024 ఆగస్టు 18

మహితకు,

కార్ఖానా రిజిస్ట్రేషన్ అయిపోయింది. సేటు తాళాలు చేతిలో పెట్టాడు. వారం రోజులుగా ఇరవై సాంచలూ నడుస్తున్నాయి. ఇది నీకు ముందే రాయాల్సింది, చేయి రాలేదు.

మోసగాడన్నంత పని చేశావు. నలభై ఏళ్లలో ఈ కాశిబుగ్గలో ఒక్క మనిషి నన్ను ఆ మాట అనలేదు. నువ్వు ఫోన్ చేసిన మర్నాడు మీ అమ్మ నా దగ్గరికి వచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి, "నీ కోడలు పైసలు తీస్కొమ్మంటాంది. నేనైతే తీస్కోను. కాని అది ఎందుకట్ల అన్నదో నువ్వు జర చెప్పు" అంది. నేను నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె కొంగు బిగించుకుని కండెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఎందుకు సాంచ చూపించానో చెబుతాను విను. పదేళ్ల కింద ఒక ఫైనాన్స్ కంపెనీ వాడు రంగురంగుల కాగితాలిచ్చి మా వాడకట్టులో ఇంటింటా డబ్బు ఎత్తుకుపోయాడు. ఆ కాగితాల మీద వాటా అనే రాసి ఉంది. బక్కమ్మ పెట్టెలో ఇప్పటికీ ఆ కాగితం ఉంది. కంటికి కనిపించని దానికి డబ్బు పెట్టండని ఆమెను మళ్లీ ఏ ముఖంతో అడగాలి? సాంచ అయితే చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. ఏదీ చూపించకుండా అడిగితే వాడికీ నాకూ తేడా ఏమిటి? మీ ముంబైలో తేడా తెలుస్తుందేమో.

చెక్కు గురించి ఏమీ రాయనన్నావు, అయినా రాశావు. రాస్తాను. మేము మునిగినా తేలినా నా తొమ్మిది శాతం నాకు రావాలని కాగితం తయారు చేసి పంపావు. బ్యాంకు ఆ మాటంటే నాకు బాధ లేదు, దానికి మేమెవరం? నువ్వంటే బాధైంది. బక్కమ్మ లక్ష మాతో పాటు మునుగుతుంది. మీ అమ్మ లక్ష మునుగుతుంది. నీ రెండు లక్షలు మాత్రం ఒడ్డున కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండాలన్నావు. అందుకే పంపేశాను.

సదానందం


ముంబై
2024 ఆగస్టు 29

మామా,

ఆ మాట అన్నందుకు క్షమించు. మోసం అనే అర్థంలో రాయలేదు, కానీ చదివితే అలాగే ఉంది. నాకు నేను రాసింది మళ్లీ చదువుకునే అలవాటు లేదు.

వడ్డీ నిన్ను అంత బాధపెడుతుందని అనుకోలేదు. సరే, వడ్డీ వద్దు. రెండు లక్షలు ఉత్త అప్పుగా తీసుకో, గడువు కూడా అయిదేళ్లు చేస్తాను. ఇప్పుడైనా తీసుకుంటావా? కొత్త చెక్కు పెడుతున్నాను.

కానీ పేర్ల విషయంలో నా మాట మారదు. బ్యాంకువాళ్లు తనిఖీకి వస్తారు. తాకట్టు పెట్టిన సాంచ మీద బక్కమ్మ పేరు చూస్తే ఏమంటారనుకుంటున్నావు? వాళ్లు వచ్చేలోగా తుడిపించు. అందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పు. నువ్వు చెబితే వింటారు.

ఈ ఉత్తరం ఆఫీసులోనే రాస్తున్నాను. ఎదురుగా ఒక సిమెంటు కంపెనీని కొనే కాగితాలున్నాయి. ఎనిమిదేళ్లలో ఇలాంటివి ఇరవైకి పైగా చేశాను. ఒక్క ఫ్యాక్టరీ లోపలికి కూడా వెళ్లలేదు. నీ ఉత్తరం వచ్చాక అది గుర్తొచ్చి చిరాకేసింది. ఎవరి మీదో తెలియదు.

నీ
మహిత


కాశిబుగ్గ
2024 అక్టోబరు 6

బిడ్డా,

కొత్త చెక్కు కూడా ఇందులోనే పెడుతున్నాను. నాకు బాధైంది వడ్డీకి కాదు, నువ్వు ఒడ్డున కూర్చుంటానన్నందుకు. నువ్వు వడ్డీ తీసేసి పంపావు. నీకు ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఆ సంగతి పక్కనపెడితే, నువ్వు చెప్పినవన్నీ జరిగాయి, వరసగా. ఏడో నంబరు క్రాంక్ షాఫ్టు విరిగింది. బాగుచేయడానికి ఇరవై రెండు వేలు. అందరం కలిసి పెట్టుకుందామంటే బక్కమ్మ లేచి, "నా సాంచ మంచిగనే నడుస్తాంది. రాజమల్లు సాంచకు నేనెందుకు పెట్టాలె?" అంది. ఏడో నంబరు బీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలు, తీసి నాలుగుకు ఎక్కిస్తే ఆర్డరు ఆగకుండా పోతుంది. రాజమల్లు బీము ముట్టనివ్వలేదు. "నా బీము మీద నేసిన బట్ట ఆమె లెక్కల పడ్తది" అన్నాడు. బక్కమ్మ రోజూ సాయంత్రం నాలుగో నంబరు తువ్వాళ్లు లెక్కపెట్టుకుని గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తోంది. పన్నెండో నంబరు అతను తన సాంచకు మంచి నూలు రావడం లేదని మాట్లాడటం మానేశాడు. ఆర్డరు ఆలస్యమై కిస్తు వారం ఆగింది.

కిస్తు ఆగితే ఎవరొస్తారో నీకు తెలుసు. మేనేజరు సారు షెడ్డులో నడుచుకుంటూ నాలుగో నంబరు దగ్గర ఆగాడు. "బక్కమ్మ అంటే ఎవరయ్యా?" అని అడిగాడట. నాకు వినపడలేదు. బక్కమ్మకు వినపడింది. "నేనే సారూ, ఇది నాదే" అని చెయ్యెత్తింది. ఆయన ముఖం చూసి నాకు సంగతి అర్థమైంది. నవంబరు అయిదు లోపల పేర్లన్నీ పోవాలి, వాటాదారులందరూ ఏ సాంచ మీదా హక్కు లేదని సంతకాలు పెట్టాలి, లేకపోతే అప్పు మొత్తం ఒక్కసారే కట్టాలని రాసిచ్చి పోయాడు. అట్లా జరిగితే ఇరవై సాంచలూ ఇనుము కొట్టుకే. ఇంత చేసీ మళ్లీ అక్కడికే వచ్చాను.

అందరికీ చెప్పి చూశాను. ఒక్కరూ వినడం లేదు. లక్ష తీసుకున్నప్పుడు నీది అన్నవాణ్ణి, ఇప్పుడు నీది కాదు అంటే ఎవరు వింటారు? నువ్వు చెప్పింది నిజమే. చెప్పిన తీరే బాగాలేదు. ఇప్పుడు నాకొక సాయం చేయి. వాటా అంటే ఏమిటో వాళ్లకు అర్థమయ్యేటట్లు ఒక ఉత్తరం రాయి. షెడ్డులో చదివి వినిపిస్తాను. దసరాకు బోనసు ఏమీ ఇవ్వలేకపోతున్నాను, నీ ఉత్తరం చదివే ముందు వాళ్ల చేతిలో పెట్టడానికి మిఠాయి డబ్బా కూడా లేదు.

మామ


ముంబై
2024 అక్టోబరు 14

మామకూ, అమ్మకూ, బక్కమ్మ పెద్దమ్మకూ, రాజమల్లు అన్నకూ, అందరికీ మహిత నమస్కారాలు.

మీరు లక్ష చొప్పున పెట్టారు. దానికి ఒక సాంచ వచ్చిందని మామ చెప్పాడు. మామ మంచి మనసుతోనే చెప్పాడు, కానీ తప్పు చెప్పాడు. మీకు వచ్చింది సాంచకంటే పెద్దది. ఇరవై సాంచలు, మిషన్లు, ఆర్డర్లు, అన్నింటిలో మీ అందరికీ భాగముంది. బ్యాంకు కిస్తు, సేటు బాకీ, కూలీలు, కరెంటు బిల్లు పోగా మిగిలిన లాభంలో ఒక్కొక్కరికి తొమ్మిదో వంతు వస్తుంది, మామకు నాలుగు వంతులు. ఏ సాంచ నడిచినా అది మీకోసమే నడిచినట్టు. ఏ సాంచ ఆగినా మీ అందరికీ ఆగినట్టు.

ఒక దుప్పటి తీసుకోండి. అందులో ఎన్నో పోగులుంటాయి. ఈ పోగు నాది, ఆ పోగు నీది అని లాక్కుంటే దుప్పటి ఉండదు. కంపెనీ కూడా అలాంటిదే. కాబట్టి దయచేసి పేర్లు తుడిచి సంతకాలు పెట్టండి. మీ డబ్బు ఎక్కడికీ పోదు.

మీ
మహిత


కాశిబుగ్గ
2024 అక్టోబరు 27

బిడ్డా,

నీ ఉత్తరం చదివాను. సాంచలన్నీ ఆపించి, మధ్యలో స్టూలు వేసుకుని, గొంతెత్తి చదివాను. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు వినపడలేదు, మీ అమ్మ చెవిలో చెప్పింది. "దుప్పట్లు నేసేది మేము. దుప్పటంటే ఏందో మాకు చెప్తాందా?" అని బక్కమ్మ అందట.

తర్వాత బక్కమ్మ నా ముందుకు వచ్చి, నాకు వినపడేటట్లు గట్టిగా అడిగింది. "అంత మంచిదైతే, ఆ పిల్ల పైసలేవి ఇందుల?"

నీ చెక్కు సంగతి చెప్పాను. అప్పుగా ఇస్తానందని, నేను తిప్పి పంపానని చెప్పాను. నిన్ను వెనకేసుకు రావడానికే చెప్పాను, వడ్డీ కూడా వద్దందని. అది ఇంకా చెడ్డదైంది. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. రాజమల్లు మాత్రం, "చదువుకున్న పిల్ల వాటా అంటే ఏందో ఎర్కుండే అప్పిస్తనన్నది. ఎర్కలేనోళ్లం మేము పెట్టినం" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. తన లక్ష తనకు ఇచ్చేయమంటున్నాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంకో కార్ఖానాలో జాబరు పని దొరికిందట. మీ అమ్మ అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. నీమీద కోపమా, నామీదా, వాళ్లమీదా, అడిగే ధైర్యం నాకు లేదు.

రాజమల్లుకు ఇవ్వడానికి నా దగ్గర లక్ష లేదు. నేను నిన్నేమీ అడగడం లేదు. జరిగింది రాశాను, అంతే. ఇంకా తొమ్మిది రోజులుంది.

మామ


ముంబై
2024 అక్టోబరు 31

మామా,

ఇది కొరియర్లో పంపుతున్నాను, శనివారానికల్లా అందాలి. లక్ష రూపాయలకు చెక్కు ఉంది. రాజమల్లు అన్న వాటా నేను కొంటున్నాను. వాటా వెనక్కి ఇవ్వడం అప్పు తీర్చినట్టు కుదరదు, వేరే ఎవరైనా కొనాలి. ఆ ఎవరో నేనే అవుతాను. వడ్డీ లేదు. గడువు లేదు. నాకు ఏ సాంచా వద్దు. సంతకం పెట్టిన కాగితం కూడా ఇందులోనే ఉంది, ఏ సాంచ మీదా నాకు హక్కు లేదని అందరికంటే ముందు నేనే పెట్టాను. చూపించు.

నీకు నిజం చెప్పాలి. రెండు లక్షలు అప్పివ్వడానికి నేను పది నిమిషాలు ఆలోచించాను. ఒక లక్ష వాటా పెట్టడానికి మూడు రోజులు పట్టింది. లెక్కలు వేసి చూశాను. మీరు నూలు అరువు మీద కొంటారు, ఆర్డరు డబ్బు మూడు నెలలకు వస్తుంది, కిస్తు మాత్రం నెల నెలా. నా దగ్గరికి ఇలాంటి కంపెనీ వస్తే వాటా పెట్టొద్దనే రాస్తాను. ఈ డబ్బు తిరిగి రాకపోవచ్చని నాకు తెలుసు. బక్కమ్మ పెద్దమ్మకు తెలుసో లేదో అని నేను భయపడుతూ కూర్చున్నాను కానీ, ఆమెకు నాకంటే ముందే తెలుసు. నాకు సిగ్గేసింది మామా. నీ మీద కోపం కూడా వచ్చింది, ఇవన్నీ నా చేత చేయించినందుకు. ఆ కోపం ఇంకా ఉంది.

పోయిన ఉత్తరంలో మీ డబ్బు ఎక్కడికీ పోదని రాశాను. అది అబద్ధం. పోవచ్చు. పోతే నాదీ పోతుంది. ఈ ముక్క మాత్రం చదివి వినిపించు. దుప్పటి గురించి మళ్లీ ఎత్తకు.

మహిత


కాశిబుగ్గ
2024 డిసెంబరు 8

బిడ్డా మహితా,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. నెల లెక్క తేలాక రాద్దామని ఆగాను.

నవంబరు నాలుగో తారీఖున పేర్లు పోయాయి. నువ్వు వినిపించమన్న ముక్క చదివాను. "పోతే నాదీ పోతుంది" దగ్గర కాగితం కిందికి దించాను. మీ అమ్మ లేచి, కిరసనాయిలులో గుడ్డ ముంచి, పదకొండో నంబరు మీద తన పేరు తానే తుడిచింది. సగం తుడిచాక ఆగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది, మళ్లీ తుడిచింది. తర్వాత మిగతావాళ్లు. బక్కమ్మ అందరికంటే చివర. నీ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఈ పిల్లకు ఏ నంబరు ఇచ్చినవ్?" అని అడిగింది. ఏదీ ఇవ్వలేదన్నాను. నమ్మక మీ అమ్మను అడిగింది. ఆ తర్వాతే వేలిముద్ర వేసింది. మేనేజరు సారు వచ్చి చూసి వెళ్లాడు. ఎర్ర రంగు పూర్తిగా పోలేదు, దగ్గరికి వెళ్తే అక్షరాలు కనిపిస్తాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని సంతకాల కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు.

రాజమల్లు తన లక్ష తీసుకుని వెళ్లిపోయాడు. ఏడో నంబరు రిపేరు ఖర్చు అందరి లెక్కలో వేశాను. ఈసారి బక్కమ్మ గొణిగింది కానీ గొడవ చేయలేదు.

ఇప్పుడు లెక్క. నవంబరులో ఇరవై సాంచలూ నడిచాయి. హాస్టళ్ల ఆర్డరు డబ్బు సగమే వచ్చింది. నూలు, కూలీలు, కరెంటు, రిపేరు పోగా వచ్చిన దాంట్లో బ్యాంకు తన కిస్తు తీసుకుంది. సేటు తన బాకీలో కొంత ముందే అడిగి తీసుకున్నాడు, సిగ్గులేని మనిషి. వాటాదారులకు ఏమీ మిగల్లేదు. సున్నా. నాకు సున్నా, మీ అమ్మకు సున్నా, నీకూ సున్నా. నాకు చాలా విసుగ్గా ఉంది. నువ్వు నాకు లెక్కలు చెప్పబోకు, నాకు తెలుసు. నీ మీద నాకున్న కోపం కూడా పూర్తిగా పోలేదు, అది వేరే ఉత్తరంలో రాస్తాను.

నిన్న అందరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఇద్దరు నేతగాళ్లు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. బక్కమ్మ లేచి నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ముంబై పిల్లకు సుత ఏం రాలేదా?" అని అడిగింది.

రాలేదన్నాను.

"ఒక్క రూపాయి సుత?"

ఒక్క రూపాయి కూడా రాలేదన్నాను.

"అయితే సరే" అంది. అని, వెళ్లి తువ్వాళ్లు మడతపెట్టడానికి కూర్చుంది.

మీ మామ
సదానందం